డబ్బు పంచకుండా, మంచితనం చెప్పుకుని సర్పంచికి నిలబడితే డిపాజిట్ అయినా దక్కుతుందా?

చెరువుకట్ట_అక్క
మాది పాకాల దిక్కు ఒక చిన్న పంచాయతీ. పేరు చెప్పను, చెప్తే రేపు తెల్లారేసరికి మా వాకిట్లోనే పంచాయతీ పెడతారు. ఓట్లు పద్నాలుగు వందలకు అటూ ఇటూ. చానా కాలంగా డ్వాక్రా సంఘం లీడర్‌గా ఉండాను. 2021 నవంబరు వానలప్పుడు చెరువు తెగుతుందేమోనని దిగువ పల్లెలోళ్లంతా మా ఊరి బడిలోకి వచ్చేస్తే, సంఘం ఆడోళ్లమే ఇంటింటా బియ్యం పోగు చేసి వండి పెట్టినాం. అప్పట్నుంచి ఎవరికి పింఛను ఆగినా, ఎవర్ని తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా మా ఇంటికే వస్తారు. ఇప్పుడు ఎన్నికల మాట మొదలైనాక "ఈసారి సర్పంచికి నువ్వే నిలబడక్కా" అని ఒకటే పోరు.

నాకూ ఆశ ఉండాది, లేదని చెప్పను. అయితే ఓటుకు పైసా ఇచ్చేది లేదు, క్వార్టర్ పోసేది లేదు. ఒంటరి ముసిలోళ్లకు పూటకింత అన్నం, దళితవాడకు సరిగ్గా నీళ్లు, శవాన్ని మోసుకుపోను దారి, పార్టీల పేరు చెప్పి పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని ఈ గోల తగ్గించడం. ఇవే చెప్పి అడగాలని ఉండాది. రెండు పార్టీలోళ్లూ విడివిడిగా వచ్చి, కాఫీ తాగి, "ఖర్చు మేం చూసుకుంటాం, గెలిచినాక మా మాట వినాలంతే" అనేసి పోయినారు. మా ఆయనేమో "నీ మంచితనం ఎంతో ఆ పొద్దు పెట్టెలో లెక్కపెట్టి చూపిస్తారు, మనకెందుకే" అంటాడు.

ఎవరైనా ఇట్ట నిలబడినోళ్లు ఉంటే చెప్పండి. గెలిచినోళ్లే కాదు, ఓడినోళ్లు కూడా.

పాత_వెయ్యినోటు
దక్కదు. ఇంకేమన్నా టాపిక్ ఉందా?

సంగటి_సుబ్బయ్య
డిపాజిట్ పోతే పోయేది మూడు వేలు. మా బామ్మర్ది పేకాటలో ఒక్క రాత్రికి అంతకంటే జాస్తి పోగొట్టి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు ఇడ్లీ తింటాడు. నిలబడక్కా.

రిటైర్డ్_కార్యదర్శి
అమ్మా, పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైర్ అయినవాణ్ని. ముందు కాగితాల సంగతి చెప్తాను. 2021 ఎన్నికల్లో సర్పంచికి డిపాజిట్ 3,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచి అభ్యర్థి లక్షన్నర దాటి ఖర్చు పెట్టకూడదు. ఫలితాలు వచ్చాక 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని ఇవ్వకుండా కూర్చుంటే తర్వాత పోటీకి పనికిరాకుండా పోతారు. ఇంటి పన్ను బకాయి ఉంటే ఇప్పుడే కట్టి రసీదు దాచుకోండి. ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది, ఆ బెంగ లేదు. డబ్బు, మందు పంచినట్టు రుజువైతే పదవి పోవడంతోపాటు మూడేళ్ల దాకా జైలు అని 2020లో పంచాయతీరాజ్ చట్టానికి సవరణ కూడా తెచ్చారు.

ఇంకొకటి. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు, ఎన్నికల సంఘం కేటాయించే గుర్తులే. మీలాంటివారికి ఉన్న ఒకే ఒక్క సందు అది. ఎంపీటీసీకి, జడ్పీటీసీకి, మున్సిపాలిటీకి పోతే ఆ సందు కూడా ఉండదు.

పాత_వెయ్యినోటు
మూడేళ్ల జైలా! రుజువు కావాలంటే సాక్షి కావాలి కదా సార్. ఇచ్చినోడు చెప్పడు, తీసుకున్నోడు చెప్పడు, పక్కింటోడు తనకు రాలేదని తప్ప ఇంకేం చెప్పడు.

లీలామహల్_సర్కిల్
ఓడినోళ్లు కూడా చెప్పమన్నారు కాబట్టి నేను చెప్తా. తిరుపతిని 2007లో కార్పొరేషన్ చేశారు, మొదటి కౌన్సిల్ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. 50 డివిజన్లలో ఒకదానికి ఇండిపెండెంట్‌గా వేశాను. కరోనా మొదటి విడతలో మా వీధులకు సరుకులు ఇచ్చింది మా ఫ్రెండ్స్ బ్యాచే. "నువ్వు కాక ఇంకెవరు" అన్నారు అందరూ. లెక్కింపు రోజు చూస్తే, మేం సరుకులు ఇచ్చిన ఇళ్లన్ని ఓట్లు కూడా లేవు.

ఆ తర్వాత మా వీధి పెద్దావిడ ఒకామె ఆపి అడిగింది, "నువ్వు మంచోడివే నాయనా, అయితే కాలవ పొంగితే ఆఫీసులో ఎవర్ని పట్టుకోవాలో నీకు తెలుసా?" అని. నా కరపత్రంలో సేవ ఉంది, మానవత్వం ఉంది, ఆత్మీయత ఉంది. కాలవ లేదు. ఆవిడ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుదల కాదు, ఎవర్ని పట్టుకోవాలో వారంలో నేర్చుకోవచ్చు, మనసు వారంలో రాదు. కానీ ఓటేసేవాళ్లు అట్లా చూడరు.

పుత్తూరు_కట్టు
తిరుమల కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరగతా ఉండాది. తిన్నోళ్లను ఎవరినీ ఓటడగలేదు. అన్నం పెట్టి ఓటడిగితే దాన్ని అన్నదానం అనరు, అడ్వాన్స్ అంటారు.

సంగటి_సుబ్బయ్య
పుత్తూరంటే విరిగిన ఎముకకు కట్టు కట్టే ఊరు. ఈ అన్నేమో ముందు విరగ్గొడతా ఉండాడు.

చెరువుకట్ట_అక్క
@పుత్తూరు_కట్టు గట్టిగానే తగిలింది అన్నా. ఆ పొద్దు వండేటప్పుడు ఎన్నికల తలపు ఎవరికీ లేదు, రాయలచెరువు కట్ట కారతా ఉందని టీవీలో చూసి మా ఊరి చెరువు తలుచుకుని అందరం వణికిపోతా ఉన్నాం. అయితే మీరు చెప్పింది పట్టించుకుంటా. కరపత్రంలో ఆ వంట సంగతి వెయ్యను. ఫోటోలు కూడా ఉండాయి, వెయ్యను.

పాత_వెయ్యినోటు
అయ్యో, ఉన్న ఒక్క ఫోటో కూడా వెయ్యకపోతే ఇంకేం వేస్తావక్కా, ఆధార్ కార్డా?

మాజీ_వార్డుమెంబరు
నేను వార్డు మెంబరుగా డబ్బు లేకుండానే గెలిచినా. గొప్పేం కాదు, చిన్న వార్డు, సగం ఇళ్లు మా చుట్టాలవే. నేను చెప్పేది గెలిచినాక సంగతి. సర్పంచికి నెలకు గౌరవ వేతనం 3,000. ఒక చావుకు పూలదండ, రెండు పెళ్లిళ్లకు చదివింపులు, అంతటితో సరి. దయ గల అక్క అని పేరు పడిందనుకో, రాత్రి పదకొండుకు తలుపు కొట్టి ఆటో బాడుగ అడుగుతారు. లేదంటే "గెలిచినాక మారిపోయింది" అంటారు. దుడ్లు పంచి గెలిచినోణ్ని ఎవరూ ఏమీ అడగరు, ఇచ్చేసినాడు కదా! నిన్ను మాత్రం అయిదేళ్లూ అడుగుతారు. అది తట్టుకోగలవా చూసుకో.

ఇంకోటి. ఆడోళ్లకు సగం పదవులు ఇచ్చినారు గానీ, చానా తావుల కుర్చీలో కూర్చునేది మొగుడే. మా సర్పంచమ్మకు ఆఫీసులో ఏ బీరువా యాడుందో తెలీకుండానే అయిదేళ్లు గడిచిపోయినాయి. గెలిస్తే చెక్కు మీద సంతకం నువ్వే పెడతావా, మీ ఆయన చెప్తే పెడతావా? నీ కరపత్రంలో మొదటి వాక్యం అదే ఉండాలంటాను నేను.

చెరువుకట్ట_అక్క
మా ఆయనకు ఆ భయం లేదులే వదినా, ఆయనకు ఆఫీసు మెట్లెక్కాలంటేనే బద్ధకం.

నగరి_మగ్గం
మా నగరికి బార్డర్ అవతల తిరువళ్లూరు జిల్లాలో కుత్తంబాక్కం అని ఊరుంది. 1996లో ఇళంగో అని ఒక కెమికల్ ఇంజనీరు, దళితుడు, ఉద్యోగం వదిలేసి వచ్చి పంచాయతీ ప్రెసిడెంటుగా గెలిచాడు. జంట ఇళ్లు కట్టించాడు. మధ్య గోడ ఒక్కటే, ఒక పక్క దళిత కుటుంబం, ఇంకో పక్క వేరే కులం కుటుంబం. ప్రేమగా ఉండండి అని ఉపన్యాసం ఇస్తే వింటారా? గోడ కలిపేశాడు. మధ్యలో ఆయన్ని సస్పెండ్ కూడా చేశారు, గ్రామసభ జనం ఆయన వెనక నిలబడ్డారు. అక్కా, నీకు కావాల్సిన కేసు ఇదే.

పాత_వెయ్యినోటు
అది తమిళనాడు బాసూ. మన దగ్గర గోడ కలిపితే మూడో రోజు కోర్టులో ఉంటాం.

రిటైర్డ్_కార్యదర్శి
మన సీమలో లేరనుకోకండి. కర్నూలు జిల్లా కాల్వ సర్పంచి ఫాతిమాబీకి పేదరిక నిర్మూలన పనికి 1998లో ఐక్యరాజ్యసమితి సంస్థ అవార్డు ఇచ్చింది. ఆమె వెనక ఉన్నదీ మహిళా పొదుపు సంఘాలే. చెరువుకట్ట అక్కకు ఆ బలం ఇప్పటికే ఉంది.

అయితే అమ్మా, మీ జాబితాలో ఒక చిక్కు ఉంది. ముసలివాళ్లకు అన్నం పంచాయతీ నిధులతో పెడతామని మాటివ్వకండి. 2021-26కి వచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. మిగిలిన 40 శాతానికీ నిబంధనలుండేవి. ఆ డబ్బునే ఆమధ్య కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అన్నం సంఘం నుంచి, దాతల నుంచి నడపాలి, అది సర్పంచి కాకపోయినా చెయ్యొచ్చు. దళితవాడ నీళ్లు, శ్మశానం దారి, ఈ రెండూ మాత్రం నిఖార్సయిన పంచాయతీ పనులు. వాటి మీద నిలబడండి.

పులిచెర్ల_పాలక్యాను
అసలు ఎన్నిక జరిగితే కదా ఈ మాటలన్నీ. మా పక్కూళ్లో గుడి కట్టిస్తానన్నోడికి పెద్దమనుషులు పదవి రాసిచ్చేసినారు. దాని పేరు ఏకగ్రీవం. మళ్లీ 2021లో ప్రభుత్వం ప్రోత్సాహకం అని రెండు వేల లోపు జనాభాకు 5 లక్షలు, అట్ట పెంచుకుంటా పెద్ద ఊళ్లకు 20 లక్షల దాకా పెట్టినారు. "ఊరి ఐకమత్యం" అంటారు, వింటానికి భలే ఉంటుంది. ఐకమత్యం పేరు చెప్పి అక్కను నామినేషన్ వెనక్కి తీసుకోమంటారు, చూస్తా ఉండండి.

మాజీ_వార్డుమెంబరు
అదే ఏడాది చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు మరీ జాస్తి అయినాయని ఎన్నికల కమిషనరే వాటిని ప్రకటించకుండా కొన్నాళ్లు ఆపమన్నాడు కదా. మన జిల్లా ఐకమత్యం అంత ఫేమస్.

పాత_వెయ్యినోటు
నాకు తెలిసిన ఊళ్లో అయితే దుడ్లు తీసుకున్నోళ్లను కాణిపాకం దిక్కు తిరిగి ప్రమాణం చెయ్యమన్నారు. రెండు పక్కలా తీసుకున్నోళ్లు రెండు సార్లు చేసినారు. వినాయకుడు ఎవరి పక్షమో ఆయనకే ఎరుక.

కాలనీ_కుర్రోడు
నేను ఆ పక్క మండలం, మాదీ కాలనీనే. ఇందాకట్నుంచి చదవతా ఉండాను, అందరూ దయ, సేవ, అన్నం అంటా ఉండారు. అక్కా తప్పుగా అనుకోబాక. మా వీధిలోకి ఎన్నికలకు వచ్చే ప్రతి ఒక్కరూ దయగానే మాట్లాడతారు. ముసిలమ్మ చెయ్యి పట్టుకుంటారు, చిన్న పిల్లోణ్ని ఎత్తుకుంటారు, ఫోటో తీయించుకుంటారు. మా ఊళ్లో మా తాత పోయినప్పుడు దారి లేక వరిమడిలో మోకాలు లోతు బురదలో పాడె మోసినాం. అప్పుడు గట్టు మీద నిలబడి "అయ్యో పాపం" అన్నోళ్లు చానా మంది. వాళ్లకు దయ లేదని నేను అనను. ఆ మడి వాళ్లదే.

నువ్వు "శవాన్ని మోసుకుపోను దారి" అని రాసినావు. ఆ దారి ముందు ఉండిందా, ఎవరన్నా కలుపుకున్నారా? కలుపుకునుంటే ఎవరు? అది చెప్పు, నీ పోటీ గురించి నేను చెప్తా.

సంగటి_సుబ్బయ్య
ఇప్పుడు మొదలైంది అసలు చర్చ.

చెరువుకట్ట_అక్క
ఉండింది. పాత పటంలో బండి దారి ఉండాది. ఒక మామిడి తోటలో కలిసిపోయింది. తోట మా పెద్ద బావది.

పాత_వెయ్యినోటు
హహహ. క్షమించక్కా, ఆపుకోలేకపోయినా.

నగరి_మగ్గం
@పాత_వెయ్యినోటు ఇందులో నవ్వేదేముంది? ఆమె చెప్పకుండా ఉండొచ్చు, చెప్పింది.

కాలనీ_కుర్రోడు
చెప్పినందుకు సంతోషం. ఇప్పుడు నా మాట. బావ తోటలోంచి దారి తీసేదాకా మా వీధిలో నీకు ఓటు అడిగే హక్కు ఉందో లేదో నువ్వే చెప్పు. ఓట్లు పడతాయా అంటే పడొచ్చు, నువ్వు మంచిదానివని వాళ్లకూ తెలుసు కదా. నేను అడిగేది అది కాదు.

లీలామహల్_సర్కిల్
ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. ఎన్నికల ముందు దారి కదిలిస్తే బావ వర్గం మొత్తం పోతుంది. పద్నాలుగు వందల ఓట్లలో ఒక పెద్ద ఇంటి చుట్టరికం అంటే వంద, నూటయాభై. ఓడిపోతే దారీ రాదు, పదవీ రాదు. గెలిచాక చెయ్యడమే తెలివి.

కాలనీ_కుర్రోడు
"గెలిచాక". మా నాయన ఆ మాట విన్నప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు.

పుత్తూరు_కట్టు
నేను కుర్రోడి పక్షం. ముందు అమ్మకు అన్నం సంగతిలో చురక వేసినా గానీ, ఇది అంతకంటే పెద్దది. అన్నం పెట్టడానికి ఎవరితోనూ గొడవ పడాల్సిన పని లేదు. దారి తీయాలంటే ఇంట్లోవాళ్లతో మాట పోగొట్టుకోవాలి. ఊరికి కావాల్సిన సర్పంచి రెండో పని చెయ్యగలిగినామె.

మాజీ_వార్డుమెంబరు
మగోళ్లకు ఈ మాట సులువు. మీరు బావతో గొడవ పడితే పండక్కి మాట్లాడుకోరు, అంతే. ఆమె పడితే అత్తగారింట్లో పొయ్యి దగ్గర్నుంచి పురుటి దాకా అన్నీ తెగిపోతాయి. ఆమె బిడ్డకు రేపు సంబంధం చూడాలన్నా బావే ముందు కూర్చోవాలి.

చెరువుకట్ట_అక్క
వదిన చెప్పింది నిజం. ఇంకొక సంగతి కూడా చెప్తా, బావను వెనకేసుకు రావడం అనుకోబాకండి. 2025లో తోతాపురి కొనే దిక్కు లేక, ఫ్యాక్టరీ కాడ ట్రాక్టర్లు వరసగా నిలబడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇస్తే తప్ప గిట్టని ఏడాది ఆయన కాయల్ని రోడ్డు పక్కన పోసేసి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. దారిలో పడే వరస ఆయన తండ్రి నాటిన చెట్లు, బాగా కాసేవి. ముసిలోళ్ల మీద దయ, కాలనీ మీద దయ అంటా ఉండాను కదా, బావ మీద కూడా ఉండాలా వద్దా? ఇది వాదన కోసం అడగడం లేదు, నిజంగానే నాకు తెలీక.

నగరి_మగ్గం
ఉండాలి. చెట్లు కొట్టేయకుండా దారి ఇంకో అంచు నుంచి ఇస్తాడేమో అడుగు. దారి ముఖ్యం గానీ అదే గెట్టు మీద ఉండాలని లేదు కదా.

కాలనీ_కుర్రోడు
అంచు నుంచి ఇచ్చినా పర్లేదు. రాతపూర్వకంగా ఉండాలి. నోటి మాట దయ మాకొద్దు.

రిటైర్డ్_కార్యదర్శి
ఇప్పుడు పని జరిగే పద్ధతి చెప్తాను. పటంలో బండి దారి ఉందంటున్నారు కాబట్టి ముందు గ్రామ సర్వేయరుతో కొలిపించండి. దానికి సర్పంచి కానక్కర్లేదు, ఊళ్లో ఎవరైనా దరఖాస్తు ఇవ్వొచ్చు. కొలతల్లో ఆక్రమణ తేలితే తహశీల్దారుకు పోతుంది. బావగారు అంచు నుంచి ఇస్తానంటే పంచాయతీ పేరు మీద రాయించుకుని, గ్రామసభలో తీర్మానం చేసి, హాజరైనవారందరి సంతకాలు తీసుకోవాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మీ ఊళ్లో ఆ రోజు దళితవాడ నుంచి ఎంతమంది వచ్చారో, ఈ దారి మాట ఎవరైనా ఎత్తారో మినిట్స్ పుస్తకం అడిగి చూడండి.

పాత_వెయ్యినోటు
నాకు తెలిసిన మినిట్స్ పుస్తకాల్లో సంతకాలు ముందే ఉంటాయి, సభ తర్వాత జరుగుతుంది.

రిటైర్డ్_కార్యదర్శి
నా హయాంలో అట్లా లేదు.

పాత_వెయ్యినోటు
మీ హయాం గురించి అనలేదు సార్. కోప్పడకండి.

సంగటి_సుబ్బయ్య
గుర్తు సంగతి ఎవరూ మాట్లాడరేం? అక్కకు కత్తెర వస్తే బావ తోట కత్తిరించడానికే అంటారు. ఉంగరం వస్తే బిడ్డ సంబంధం ఖాయం.

చెరువుకట్ట_అక్క
నాలుగైదు రోజులు ఇటు రాలేదు, ఇంట్లో ఇదే రచ్చ. సర్వేకు దరఖాస్తు సచివాలయంలో ఇచ్చేసినా. నా పేరు మీదే. మా ఆయన సంతకం పెట్టలేదు, వద్దని కూడా అనలేదు. సాయంత్రానికల్లా బావకు తెలిసిపోయింది. వచ్చి అరుగు మీద కూర్చుని "ఎన్నికలయ్యేదాకా కొలతలు ఆపమ్మా, నువ్వు గెలిస్తే నేనే వదిలేస్తా, నా ఇంటి ఓట్లన్నీ నీకే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు.

పుత్తూరు_కట్టు
ఓటు కొనడం రెండు రకాలు. ఇది రెండో రకం, అభ్యర్థినే కొనడం.

లీలామహల్_సర్కిల్
నేనైతే ఒప్పుకునేవాణ్ని. నిజం చెప్తున్నా.

కాలనీ_కుర్రోడు
నువ్వేమన్నావు?

చెరువుకట్ట_అక్క
దరఖాస్తు వెనక్కి తీసుకోను బావా అని చెప్పినా. అంచు నుంచి ఇస్తే చెట్లు మిగులుతాయని కూడా చెప్పినా. కాఫీ తాగకుండా లేచి పోయినాడు. మా అత్త నాతో మాట్లాడ్డం లేదు, అయితే ముసిలోళ్ల క్యారియర్లు మాత్రం ఈ పొద్దు ఆమే కట్టింది.

మాజీ_వార్డుమెంబరు
అత్తను వదులుకోబాక. ఆ ఇంట్లో నీకు పడే మొదటి ఓటు ఆమెదే.

కాలనీ_కుర్రోడు
దరఖాస్తు రసీదు ఫోటో తీసి నీ దగ్గర పెట్టుకో. సర్వేయరు వచ్చే రోజు మీ దళితవాడ నుంచి కనీసం నలుగురు పెద్దోళ్లు ఉండేటట్టు చూడు, వాళ్లకు పాత గెట్టు రాళ్లు యాడున్నాయో తెలిసుంటుంది. ఓటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాత_వెయ్యినోటు
సరే, డిపాజిట్ దక్కుతుంది. గెలుపు మాత్రం నేను అనను. ఇంతకీ మీ పంచాయతీకి రిజర్వేషన్ ఏం వచ్చింది? అది తెలీకుండా ఇంత పొడుగు మాట్లాడుకున్నాం.

చెరువుకట్ట_అక్క
ఇంకా రాలేదు. జనరల్ వస్తే మా బావ కూడా నిలబడతాడంట. ఇప్పుడే మా ఆయన చెప్పినాడు.

సంగటి_సుబ్బయ్య
అయితే రెండు పార్టీలోళ్లకూ కాఫీ ఖర్చు ఒకే ఇంటిది.